కొత్త పుస్తకం చదివాక నాలుగు ముక్కలు రాయాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ మధ్య వస్తున్న కథలు, నవలలు చదివి వాటి మీద సొంత అభిప్రాయం రాయాలనుకునే వాళ్ల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చిన వాటిలో కొన్నింటిని తీసుకున్నాం.

ప్రశ్న: ఆరు నెలల్లో ఎనిమిది కొత్త పుస్తకాలు చదివాను. రాయడానికి కూర్చుంటే కథంతా చెప్పేసి, చివర ‘చాలా బాగుంది, అందరూ చదవాలి’ అని ముగించేస్తున్నాను. చదువుతున్నప్పుడు తట్టినవన్నీ అప్పటికి ఎగిరిపోతున్నాయి. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: లోపం రాసేటప్పుడు కాదమ్మా, చదివేటప్పుడే మొదలవుతోంది. తట్టిన మాట తట్టిన పేజీలోనే పట్టుకోకపోతే చివరికి మిగిలేది కథ ఒక్కటే. అందుకే చేయి కథ మీదికి పోతుంది.

ఒక ఏ4 కాగితాన్ని నిలువుగా నాలుగు మడతలు వేసి పుస్తకంలో గుర్తుగా పెట్టుకోండి. ఏదైనా తట్టగానే ముందు పేజీ నంబరు వేసి, పక్కన ఐదారు మాటలు, చివర ఒక గుర్తు పెట్టండి. నచ్చితే టిక్కు, అర్థం కాకపోతే ప్రశ్న గుర్తు, నమ్మలేకపోతే ఇంటూ. అంతకంటే ఎక్కువ రాయొద్దు. రెండు వందల పేజీల నవలకు ఇరవై, ఇరవై ఐదు గుర్తులు చాలు. అరవై దాటాయంటే చదవడం ఆగిపోయి ఎత్తిరాయడం మొదలైందన్న మాట. మూడు తరాల కథయితే కాగితం వెనక పాత్రల పేర్లు, చుట్టరికాలు రాసుకోండి. అభిప్రాయాల్లో ఎక్కువగా దొర్లే తప్పు మేనత్తను పిన్నిని చేయడమే. అది చూసిన రచయిత మిగతాది చదవరు.

ముందుమాటలు చివర చదవండి. మన కథల పుస్తకాల్లో ఒకటికి మూడు ముందుమాటలుంటాయి. పెద్దవాళ్లు రాసినవి కాబట్టి వాళ్ల మాటలు మన నోట్లోకి తెలియకుండానే వచ్చేస్తాయి. ‘అట్టడుగు జీవితాల ఆర్తి’ లాంటి మాట మీ కాగితంలో కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి వెతుక్కోండి.

ముందుగా చూడాల్సింది అచ్చు వివరాల పేజీ. మొదటి ముద్రణ ఏ నెల, ఏ సంవత్సరం, ఇది ఎన్నో ముద్రణ, అనువాదమైతే ఏ భాష నుంచి, ఎవరు చేశారు అన్నవి రాసుకోండి. కథల సంపుటాల్లో చాలా వాటికి ప్రతి కథ చివర పత్రిక పేరు, నెల ఉంటాయి. పుస్తకం 2023లో వచ్చినా కథ 2012ది కావచ్చు. దాన్ని పట్టుకుని ‘కరోనా కాలాన్ని రచయిత పట్టించుకోలేదు’ అంటే పరువు పోయేది మనదే.

పుస్తకం అయిపోయాక రెండు రోజులు ఆగండి. ఆ తర్వాత పుస్తకం తెరవకుండా, కాగితం కూడా చూడకుండా ఒక పేరా రాయండి. రెండు రోజుల తర్వాతా గుర్తున్నదే మీ అసలు అభిప్రాయం. అప్పుడు కాగితం తీసి, దానికి ఏ పేజీ సాక్ష్యమో వెతకండి. సాక్ష్యం దొరకకపోతే ఆ పేజీలు మళ్లీ చదవండి. మనమే పొరబడి ఉండొచ్చు.

అయిదు వందల మాటలు రాస్తే కథకు వంద మించనివ్వొద్దు. ముగింపు చెప్పొద్దు. రెండు మూడు పంక్తుల ఉదాహరణలు రెండు, పేజీ నంబరుతో ఒక అభ్యంతరం. మిగతాదంతా రచయిత ఆ పని ఎలా చేశారన్న దాని మీదే ఉండాలి. తేడా తెలియడానికి, లేని కథ ఒకటి ఊహించి చూపిస్తాం.

మొదటి రకం: ‘ఈ కథ రొయ్యల రైతు జీవితాన్ని కళ్లకు కట్టింది. చివర్లో కళ్లు చెమర్చాయి.’

రెండో రకం: ‘చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిన రాత్రిని రచయిత రెండున్నర పేజీల్లో రాశారు (41–43). భార్య గట్టు మీద టార్చి పట్టుకుని నిలబడుతుంది, డీజిలుకు పోయిన కుర్రాడు రాడు, రొయ్యలు నీటి మీదికి తేలతాయి. బాధ అన్న మాట ఎక్కడా లేదు. అదే రైతు అప్పులవాళ్లతో మాట్లాడే చోట (47) మాత్రం అతని నోట ‘ప్రపంచీకరణ’ వస్తుంది. అది రైతు మాటలా లేదు, రచయిత మాటలా ఉంది.’

మొదటి దాంట్లో రొయ్యలు తీసి పత్తి పెట్టినా వాక్యం చెక్కుచెదరదు. రెండోది ఆ ఒక్క కథకే అతుకుతుంది. పైగా అది చదివినవాళ్లు పేజీ తీసి మీతో వాదించొచ్చు. అట్టా వాదించే వీలు ఇవ్వనిదాన్ని అభిప్రాయం అనడం మాకు ఇష్టం లేదు.

ఇంకొక్కటి. పాత్ర అన్న మాటను రచయితకు అంటగట్టకండి. కథలో మొగుడు ఆడవాళ్లను చులకన చేస్తే రచయిత చేసినట్టు కాదు. ఆ మాటకు కథలో ఎవరైనా జవాబిచ్చారా, కథనం దాన్ని ఎటు తిప్పిందన్నది చూసి మాట్లాడాలి.

ప్రశ్న: మా ప్రాంతం నేపథ్యంగా వచ్చిన నవల చదివాను. సేద్యం వివరాలు కొన్ని తప్పు. కథకు అవసరమా అని ఒకరు, తప్పు తప్పే అని ఒకరు. ఎత్తిచూపాలా వద్దా? – ఒక పాఠకుడు, కొండపి

జవాబు: చూపాలి. హైదరాబాదులో కూర్చున్న విమర్శకుడికి పట్టుబడనివి మీకు పట్టుబడతాయి. మీ అభిప్రాయానికి బలం అక్కడే ఉంది. కానీ తప్పు ఎవరిదో తేల్చుకున్నాకే రాయాలి.

కొలతలతో మొదలుపెట్టండి. ధాన్యం కొలిచే పుట్టి ప్రాంతాన్ని బట్టి మారుతుంది. నెల్లూరు ధాన్యం లెక్కలో పుట్టి 850 కిలోలు. ఎకరానికి మూడు నాలుగు పుట్లు పండాయంటే రెండున్నర టన్నుల నుంచి 3,400 కిలోల దాకా, నమ్మొచ్చు. ఎనిమిది పుట్లు అని ఉంటే 6,800 కిలోలు. ఆ రైతు అబద్ధాలకోరుగా కథలో నిలబడి ఉంటే తప్ప అది రచయిత లెక్కే తప్పు. రొయ్యల్లో కౌంటు అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నది. 100 కౌంటంటే ఒక్కోటి 10 గ్రాములు, 30 కౌంటంటే దాదాపు 33. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, కిలో ధరా ఎక్కువ. ‘కౌంటు పెరిగిందని సంబరపడ్డాడు’ అని రాశారంటే రచయిత చెరువు గట్టు ఎక్కలేదు.

తర్వాత కాలం. వనామీ రకం రొయ్య మన చెరువుల్లో పరుచుకున్నది 2009లో అనుమతులు వచ్చాకే. అంతకుముందంతా టైగర్ రొయ్య. దాన్ని దెబ్బకొట్టిన తెల్లమచ్చ రోగం తూర్పు తీరానికి వచ్చింది 1994–95లో. 1998 నాటి కథలో వనామీ సీడు దిగితే పేజీ నంబరు వేసి చెప్పండి. నెల్లూరుకు వాన ఎక్కువ పడేది అక్టోబరు, డిసెంబరు మధ్య. జూన్‌లో తొలకరికి చెరువులు పొంగి, కయ్యలన్నీ ఒకేసారి నాట్లతో నిండాయంటే ఆ బొమ్మ గోదావరి వైపు నుంచి వచ్చి ఉంటుంది. మన దగ్గర పెద్ద పంట వానల తర్వాతది. ఎడగారు (ఆ పెద్ద పంట కోశాక వేసే రెండో పంట) అన్న మాట తెలిసిన రచయిత ఈ పొరపాటు చేయరు.

ఊళ్లు, జిల్లాలు కూడా. ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడింది 1970 ఫిబ్రవరి 2న. ప్రకాశం పేరు వచ్చింది 1972లో. కాబట్టి 1965 నాటి పాత్ర ‘మాది ప్రకాశం జిల్లా’ అనకూడదు. ఒంగోలు వాడు గుంటూరు జిల్లా అంటాడు, కనిగిరి వాడు నెల్లూరు జిల్లా అంటాడు, మార్కాపురం వాడు కర్నూలు జిల్లా అంటాడు. నెల్లూరు జిల్లాకు పొట్టి శ్రీరాములు పేరు చేరింది 2008లో.

ఇప్పుడు అసలు మాట. ఇవన్నీ ఒకే తరహా తప్పులు కావు. రొయ్యల రైతు తన కౌంటు గురించే పొరబడితే కథ మొత్తం కూలుతుంది. బస్సులో పక్క సీటువాడు పొరబడితే అది మనిషి స్వభావం. జిల్లా పేరు తప్పు పోతే వచ్చే ముద్రణలో దిద్దుకోవచ్చు, దాని మీద ఒక వాక్యం చాలు. కథ ఏ తప్పు మీద ఆనుకుని ఉందో దానికి ఒక పేరా ఇవ్వండి. తప్పుల పట్టిక వేసుకుంటూ పోతే అది ప్రూఫ్‌రీడింగ్ అవుతుంది.

యాస విషయంలో తొందరపడొద్దు. ‘యాడికి పోతుండావు’ అన్న మనిషే నలభై పేజీల తర్వాత ‘ఎక్కడికి వెళ్తున్నారు’ అంటే వెంటనే ఇంటూ పెట్టకండి. ఎదుట ఉన్నది తాసిల్దారో, పట్నం వియ్యంకుడో చూడండి. మనమూ మాట మారుస్తాం కదా. ఒకే మనిషి, ఒకే అన్నతో మాట్లాడుతూ ఒకచోట ‘ఎట్టా’, ఇంకోచోట ‘ఎలా’ అంటే అది రచయిత మరుపు. ఉదయగిరి మెట్ట, సూళ్లూరుపేట తీరం, కందుకూరు ఒకే తీరున మాట్లాడవు. ‘మా ఊళ్లో ఇట్టా అనరు’ అనడానికి మీకు హక్కుంది. ‘నెల్లూరు యాస ఇది కాదు’ అనే ముందు మాత్రం ఆగండి.

ప్రశ్న: తమిళం నుంచి వస్తున్న కొత్త అనువాదాలు ఎక్కువ చదువుతాను. తమిళం మాట్లాడతాను, చదవలేను. మూలం చూడకుండా అనువాదం మీద అభిప్రాయం చెప్పొచ్చా? – ఒక పాఠకురాలు, గూడూరు

జవాబు: మూలానికి ఎంత దగ్గరగా ఉందో చెప్పలేరు. తెలుగుగా నిలబడిందా లేదా మీరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పలేరు, ఎందుకంటే తెలుగు కింద నుంచి తమిళం తొంగిచూస్తే మీ చెవికి ఇట్టే తెలుస్తుంది.

ముందు చూడాల్సినవి రెండు భాషల్లోనూ ఉండి అర్థం వేరైన మాటలు. తమిళంలో ‘అవసరం’ అంటే తొందర. మనకు కావలసిరావడం. ‘అతను అవసరంగా లేచి వెళ్లాడు’ అని తెలుగు పుస్తకంలో కనిపిస్తే అనువాదకులు అక్కడ జారారు. తమిళ ‘సంసారం’ చాలాచోట్ల భార్య. ‘నా సంసారం వంటింట్లో ఉంది’ అని తెలుగులో చదివితే నవ్వొస్తుంది.

రెండోది నెలలు. వాళ్లవి సూర్యుడి లెక్క, మనవి చంద్రుడి లెక్క. ఆడి నెల జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా. దాన్ని ఆషాఢం అని దించేస్తే తేదీలు సరిగ్గా కలవవు. మార్గళి డిసెంబరు నడుమ నుంచి జనవరి నడుమ దాకా ఉంటుంది. పేరు దగ్గరగా ఉందని మార్గశిరం అంటే తప్పుతుంది. మనకు సరిపోయే మాట ధనుర్మాసం, ముగ్గులూ తిరుప్పావై అన్నీ అందులోనే ఉన్నాయి. అయితే పొంగల్‌ని సంక్రాంతి చేయడం మాత్రం మాకు నచ్చదు. కథ తంజావూరులో జరుగుతుంటే పండగ పేరు అక్కడిదే ఉండాలి. ఇది మా పట్టుదల, మీరు ఒప్పుకోకపోవచ్చు.

మూడోది సంభాషణ. గట్టిగా చదవండి. ‘నువ్వు వచ్చావు కదా, అది చాలు నాకు’ సాఫీగా సాగుతుంది. ‘నువ్వు వచ్చినదే చాలును’ అని ఉంటే అది తమిళ వాక్యం మీద తెలుగు పూత. ఇట్టాంటివి నాలుగు పేజీలకు ఒకటి వస్తే పట్టించుకోవక్కర్లేదు. పేజీకి నాలుగు వస్తే రెండు ఉదాహరణలిచ్చి చెప్పండి. అనువాదకుల పేరు మాత్రం మొదటి పేరాలోనే రావాలి. దాన్ని మరిచిపోయే అలవాటు పత్రికల్లోనూ ఉంది.

ప్రశ్న: సగంలో వదిలేసిన పుస్తకం మీద రాయకూడదా? – ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: రాయొచ్చు. ‘216 పేజీల్లో 90వ పేజీ దగ్గర ఆపేశాను’ అని మొదటి వాక్యంలోనే చెప్పాలి, ఎందుకు ఆపారో రెండో వాక్యంలో. ముగింపు జోలికి పోవద్దు. అక్షరాలు మరీ చిన్నవై కళ్లు లాగి ఆపేస్తే అదీ రాయండి, ప్రచురణకర్తలు తెలుసుకోవాల్సిందే.

ప్రశ్న: మా ఊరి రచయిత సంతకం చేసి పుస్తకం ఇచ్చారు. ‘నాలుగు ముక్కలు రాయన్నా’ అని రోజూ అడుగుతున్నారు. పుస్తకం అంతంతమాత్రం. ఎదురుపడితే మొహం చెల్లడం లేదు. – ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: అచ్చుతప్పులు, పేర్ల తికమక, తేదీల పొరపాట్లు ఒక కాగితం మీద పేజీ నంబర్లతో రాసి ఆయన చేతికివ్వండి. మలి ముద్రణకు పనికొస్తుంది, మీరు శ్రద్ధగా చదివారని కూడా తెలుస్తుంది. సగం అలక అక్కడే తీరుతుంది. బయటికి రాయాల్సి వస్తే సంపుటిలో నిలబడిన ఒక్క కథనే తీసుకుని దాని మీద నిండుగా రాయండి. మిగతావి ఎందుకు నిలబడలేదో రెండు వాక్యాల్లో చెప్పండి. ‘రచయిత నాకు తెలిసినవారు, పుస్తకం ఆయనే ఇచ్చారు’ అన్న మాట చివర ఉండాలి. అచ్చుకు ముందు ఆయనకు చూపించొద్దు. చూపిస్తే ‘ఈ వాక్యం తీసేయన్నా’ అంటారు, మీరు తీసేస్తారు.

ప్రశ్న: పుస్తకంలోంచి ఎన్ని పంక్తులు ఎత్తి రాయొచ్చు? – ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది. ఇన్ని మాటలని అందులో లెక్క లేదు. కథకు మూడు నాలుగు చిన్న ముక్కలు, కవితకు రెండు మూడు పాదాలు అన్న కట్టడి మనమే పెట్టుకుంటే మంచిది. ఎనిమిది పాదాల కవితను మొత్తం ఎత్తిరాసి కింద ‘ఎంత బాగుందో’ అంటే అది సమీక్ష కింద చెల్లడం కష్టం. ఎత్తిన పంక్తిని అక్షరం మార్చకుండా, అచ్చుతప్పుతో సహా ఎత్తండి.

ప్రశ్న: మా శాఖా గ్రంథాలయంలో కొత్త పుస్తకాలే రావు. అన్నీ కొనాలంటే మా వల్ల కాదు. – ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మీరు కడుతూనే ఉన్నారు. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ‘కొత్త పుస్తకాలు తెప్పించండి’ అని నోటితో అంటే గాలికి పోతుంది. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంస్థ, సంవత్సరం, ధర, ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద ఉండే గుర్తింపు సంఖ్య) నంబరుతో కాగితం మీద రాసి గ్రంథాలయాధికారికి ఒకటి, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒకటి ఇవ్వండి. ఐదారు పేర్లు చాలు, యాభై రాస్తే ఎవరూ చూడరు. ఆలస్యం చేయొద్దు. చాలా తెలుగు కథల పుస్తకాలు ఐదు వందలో వెయ్యో ప్రతులే వేస్తారు, అయిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం.

నలుగురు కలిసి తలా ఒకటి కొని మార్చుకోవడం ఇంకో దారి. ఊళ్లు వేరైతే పుస్తకాలు పంపడానికి 2025 మే 1న తపాలా శాఖ మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ వాడుకోండి. మొదలుపెట్టినప్పటి ధర 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. రెండు వందల పేజీల డెమీ సైజు పుస్తకం దాదాపు 250 గ్రాములు తూగుతుంది. మందపు అట్టపెట్టెలో పెడితే 300 దాటి పై ధర పడుతుంది. పల్చటి ప్లాస్టిక్ కవరు, పైన ఒక వరస బ్రౌన్ పేపరు చాలు. మాసపత్రికలు ఇందులో పోవు.

రచయిత పుస్తకంలో వేసేటప్పుడు కథను మార్చారేమో చూడాలనుకుంటే పత్రికలో మొదట అచ్చయిన రూపం కావాలి. వెనకటి కాలం పత్రికలతో పోల్చాలంటే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయంలో పాత పత్రికల కట్టలు ఉన్నాయి. ఒక రోజు పెట్టుకుని వెళ్లండి, నెల, సంవత్సరం ముందే రాసుకుని మరీ.

ప్రశ్న: మేం ఎనిమిది మంది ఆడవాళ్లం. వారానికి ఒకసారి కలిసి కొత్త కథలు చదవాలనుకుంటున్నాం. ముగ్గురికి చదవడం నిదానం, చర్చలో నోరు విప్పరు. – ఒక పాఠకురాలు, కలిగిరి

జవాబు: ఇంట్లో చదువుకుని రమ్మనకండి. ఒకరు గట్టిగా చదవండి, మిగతావాళ్లు వినండి. పేజీకి రెండున్నర నిమిషాలు పడుతుంది కాబట్టి పన్నెండు పేజీల కథ అరగంట. అంతకంటే పెద్దదైతే రెండు వారాలకు పంచుకోండి, కునుకు తీసేవాళ్లు ఉంటారు. అయిపోగానే ‘ఎట్టా ఉంది’ అని అడగొద్దు, దానికి ‘బాగుంది’ అన్న జవాబే వస్తుంది. ‘ఆమె ఆ డబ్బు మొగుడికి ఇచ్చి ఉండాల్సిందా?’ లాంటి, కథలోని ఒక పని మీద ప్రశ్న వేయండి. మొదటి మాట ఎప్పుడూ ఆ ముగ్గురిదే కావాలి. బాగా చదివేవాళ్లు ఆఖర్న మాట్లాడాలి.

మీకు ఎంతో దూరం లేని దూబగుంటలో సారా మీద ఆడవాళ్లు తిరగబడినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది అక్షరాస్యతా తరగతుల వాచకం. అందులో సీతమ్మ కథ అని ఒక పాఠం. వాళ్లు దాన్ని కూడబలుక్కుని చదివి, సీతమ్మ మొగుడి తాగుడు గురించి, తమ ఇళ్ల గురించి మాట్లాడుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. నిదానంగా చదివేవాళ్లను ఎప్పుడూ పక్కన పెట్టకండి. వాళ్లు ప్రతి మాట దగ్గరా ఆగుతారు, మనం దాటేసిన మాట వాళ్లకు దొరుకుతుంది. చర్చలో వచ్చిన మాటలు ఒకరు నోటు పుస్తకంలో పేజీ నంబరుతో రాసి పెట్టండి. పది కథలయ్యాక మాకు పంపితే ఇక్కడే వేస్తాం.